కాలిన ఫియట్ ఏ సంవత్సరంది?

కార్ల మరమ్మతు షెడ్డు తాళం తీయబోతూ వెనక్కి తిరిగిన యెహెజ్కేలుకి, విజయవాడ రోడ్డు గట్టున భానుమూర్తి గారి ఫియట్ కాలి బొగ్గై కనిపించింది.

నంబరు పలక సగం మిగిలింది. వంగి చదివాడు. ఆయనదే, అరవైఅయిదు మోడలు. నాలుగేళ్ళుగా దాని ప్రతి మరా తన చేతిలోనే తిరిగింది. కబురు చెబుదామని దిల్‌సుఖ్‌నగర్‌కి సైకిలు తొక్కాడు.

భానుమూర్తి ఇల్లు చేరకముందే, దారిలో తన ఇంటి ముందు పోలీసు జీపు ఆగి ఉండడం చూశాడు. ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులు మొదలయ్యాక ఆ పేటకి జీపులు కొత్త కాదు. కానీ ఇందులో తన తమ్ముడు యేసుదాసు కూర్చుని ఉన్నాడు. బడిపంతులు. చొక్కా తొడుక్కోడానికి కూడా వ్యవధి ఇచ్చినట్టు లేదు. యెహెజ్కేలు సైకిలు దిగేలోగా జీపు కదిలిపోయింది.

"సారు కారు మనోడే కాలవెట్టిండంట," అంది తల్లి మల్లమ్మ గుమ్మంలో కూలబడి. "సారే పేరు చెప్పిండంట."

"ఏ సారు?"

"ఏ సారేంది? నువ్వు దినాం చాయ్ తాగే సారే."

కేసు నిలిస్తే జైలు ఖాయం. బడి ఉద్యోగం ఆ రోజే పోతుంది.

భానుమూర్తి ఏలూరు మనిషి, సర్కారు ఇంజనీరు. ఏడేళ్ళ కింద వచ్చినప్పుడు ఆయనకి అన్ని కార్లూ ఒకటే. సాయంత్రాలు రోడ్డు పక్క హోటల్లో కూచుని, వచ్చే కారు ఏ సంవత్సరందో దూరం నుంచే చెప్పడం యెహెజ్కేలు నేర్పాడు. మూతికి ఉండే జాలీ గళ్ళు గళ్ళుగా ఉంటే అరవైమూడు తర్వాతి అంబాసిడర్, లేకుంటే అంతకు ముందుది. తప్పు చెప్పినవాడు చాయ్ ఇప్పించాలి. రెండేళ్ళు తిరిగేసరికి గురువే చాయ్ ఇప్పించడం మొదలైంది.

అలాంటి మనిషి యేసుదాసు పేరు ఎట్లా చెప్పాడు? నిజంగానే చూశాడా? ఆ అనుమానం తోటే యెహెజ్కేలు మళ్ళీ బండి దగ్గరికి వచ్చాడు. కాపలా ఉన్న హెడ్డు కానిస్టేబులు రామమోహనరావు గొడుగు కింద చుట్ట కాలుస్తున్నాడు.

"బొగ్గులల్ల ఏం దేవులాడుతున్నవయ్యా?"

"మోడలు చూస్తున్న సార్."

"పీనుగుని పట్టుకొని వయసు అడిగినట్టుంది."

జాలీ చూశాడు. అరవైఅయిదుదే. మూతిమీది బిళ్ళా అదే. ఇక ముందు తలుపు. అది వేడికి చట్రానికి అతుక్కుపోయింది. అంచున మసి బొటనవేలితో తుడిచి, అక్కడే ఆగిపోయాడు.

మడతబందులు ముందు, వెనక తలుపుల నడిమి స్తంభానికి ఉన్నాయి. పాత ఫియట్లకి ముందు తలుపులు అట్లా ఎదురు తిరిగి తెరుచుకునేవి. అరవైఅయిదు మోడలుకి మడతబందులు ముందువైపు ఉంటాయి. జాలీ మార్చడం గంట పని. ఆ స్తంభం బండి ఒంట్లో ఎముక, దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. ఇది సారు బండి కాదు.

జనం ముందుగా ఏం చూస్తారో తెలిసినవాడు ఆ జాలీ బిగించాడు. ఆ చూపు నేర్పింది తనే. యెహెజ్కేలు మసి చేతులు లుంగీకి తుడుచుకుని, అక్కడే రాతిమీద కూచున్నాడు.

మధ్యాహ్నం పంచనామా సంతకానికి భానుమూర్తి వచ్చాడు.

"సారూ, గీ కారు ఏ సంవత్సరందో జర చెప్పుండ్రి."

"ఇప్పుడా మేస్త్రీ? నా మనసేం బాగాలేదు."

"ఎక్కువసేపు పట్టదు. ముంగటి తలుపు మడతబందులు ఏడున్నయో చూసి చెప్పుండ్రి."

భానుమూర్తి వంగలేదు. నిలబడ్డచోటు నుంచే చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తలుపులు తాడుతో కట్టి తెచ్చిండ్రు కావచ్చు. తెరిచి చూడలే నువ్వు," అన్నాడు యెహెజ్కేలు. ఏడేళ్ళలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "చెప్పు."

"యాభైఎనిమిది."

"మరి నీది?"

"సూర్యాపేటలో, మా బావమరిది ఇంట్లో ఉంది."

రామమోహనరావు చుట్ట ఆర్పి, పుస్తకం తీశాడు. భానుమూర్తి ఆయన వైపు తిరగలేదు. యెహెజ్కేలుకే చెప్పాడు.

"మా వైపు, గుంటూరుకి బదిలీ మూడుసార్లు అడిగాను, ఇవ్వలేదు. ఈ గొడవల్లో ఆస్తి నష్టపోయినవాళ్ళకి ముందు ఇస్తున్నారని ఎవరో అన్నారు. మా ఇంటావిడ హనుమాయమ్మ భయంతో అన్నం మానేసింది, ఆవిడ కోసమేలే అనుకున్నాను. నా కారు కాల్చడానికి చేతులు రాలేదు మేస్త్రీ. తుక్కుబండి కొని లారీలో తెప్పించాను. నా జాలీ, నా నంబరు దానికి బిగించి, అగ్గిపుల్ల నేనే గీశాను. ఎవరో గుంపు అంటే సరిపోతుందనుకున్నాను. ఇన్‌స్పెక్టరు పేరు కావాలని కూర్చున్నాడు. పేరు లేకపోతే కాయితం కదలదన్నాడు. ఏడేళ్ళ నుంచి ఇక్కడున్నా, ఇక్కడివాళ్ళలో నాకు తెలిసిన పేర్లు మీ ఇంట్లోవే. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. అందుకని నీ తమ్ముడిది చెప్పాను."