పక్క సీటు మనిషి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. బాలమణి నోరు మంచిదే. కాకపోతే సికింద్రాబాద్ చీరల దుకాణంలో పొద్దంతా అదే ఖర్చయిపోతుంది. సాయంత్రం శామీర్‌పేట మీదుగా తుర్కపల్లి పోయే బస్సెక్కాక పరాయివాళ్లతో ఒక్క మాటన్నా ఆమెకు బరువే. అందుకే కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద దస్తీ పరిచేది. ఎవరడిగినా ఒకటే జవాబు.

"మనిషొస్తడు."

ఎవరూ వచ్చేవారు కాదు. తథాస్తు దేవతలు బస్సులెక్కరనుకుంది కాబోలు, ఏళ్ల తరబడి ఆ అబద్ధమే ఆడింది.

ఆ రోజు మచ్చ బొల్లారం దగ్గర ఒక నిండు గర్భిణి ఎక్కింది. బాలమణి మనసు కరిగింది.

"రా బిడ్డ, గీడ కూసో."

"ఆయన కూసున్నడు గదక్కా," అని ఆమె వెనక్కి వెళ్లిపోయింది.

బాలమణికి సీటు ఖాళీగానే కనిపిస్తోంది. దస్తీ లాగింది. రాలేదు. ఎవరో దాని మీద కూర్చున్నట్టు బిగుసుకుని ఉంది.

కండక్టర్ వచ్చాడు. "సార్, గీ సీట్ల ఎవ్వరు లేరు గదా?" అనడిగింది గొంతు తగ్గించి.

"ఉన్నడు గదమ్మా. టికెట్ గూడ తీసుకున్నడు, శామీర్‌పేటకు. మీరు దిగేకాడికే."

బాలమణి కిటికీ వైపు జరిగింది. ఇంట్లో కూతురు తృప్తి ఒక్కతే ఉంటుంది. వీడు తన వెంట వచ్చి ఇల్లు చూడకూడదు.

ముందు సీటు కుర్రాడి భుజం తట్టింది. అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఇంకాస్త నొక్కుకున్నాడు. అటుపక్కావిడ ఫోన్‌లోకి తల దించింది. వెనకాయన నిద్ర నటించాడు, రెప్పలు మాత్రం అదురుతున్నాయి. బాలమణికి ఈ విద్యలన్నీ వచ్చినవే. ఇన్నాళ్లూ ఇలా ఎంతమందిని వదిలేసిందో తలచుకుంటే ఏడుపొచ్చింది.

తను దిగకపోతే వాడికి ఇల్లెలా తెలుస్తుంది? శామీర్‌పేట వచ్చినా కదల్లేదు. కిటికీ ఊచ పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

బస్సు కదిలింది. చూస్తే దస్తీ వదులుగా పడి ఉంది.

"ఆపుండ్రి," అంది. ఎవరూ తలెత్తలేదు. కూతురికి ఫోన్ చేసింది.

"తృప్తీ, తలుపు గొళ్లెం పెట్టు. ఎవ్వరొచ్చినా తియ్యకు."

"ఇప్పుడే పెట్టిన అమ్మా," అంది తృప్తి. "దినాం నీ పక్కనే కూసొని వస్తడంట గదా. లోపటికి రమ్మన్న."