సైక్లోన్ అంటే ఏంటయ్యా?

సొలొమోను బెజవాడ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. భార్య రూతు నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళో పంతులమ్మ. వారమంతా అక్కడే ఆదెమ్మ అనే ముసలామె ఇంట్లో అద్దెకుండి, శనివారం సాయంత్రం బస్సుకి వచ్చేది.

డెబ్బై ఏడు నవంబరులో ఒక శనివారం ఆమె రాలేదు. ఆ సాయంత్రం సముద్రం ఊరి మీద పడింది.

దారి తెరిచాక సొలొమోను లారీ మీద కొంత, బురదలో నడిచి కొంత వెళ్ళాడు. బడి ఉన్నచోట పునాది మిగిలింది. ఆదెమ్మ తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ఒళ్ళంతా ముళ్ళ గాట్లు.

"పంతులమ్మ కూడా ఇదే చెట్టు పట్టుకుందయ్యా. ఎవరి బిడ్డో కొట్టుకొస్తుంటే అందుకోబోయింది. మళ్ళీ కనపళ్ళేదు."

సొలొమోను చుట్టుపక్కలంతా వెతికాడు. రూతు శవం దొరకలేదు. ఆనవాలు తెలియనివాళ్ళందరితో కలిపి పూడ్చి ఉంటారన్నారు.

"ఆవేళ పొద్దున పంతులమ్మ రేడియో విని, సైక్లోనంట మామ్మా అంది," అని ఆదెమ్మ మెల్లగా చెప్పింది. "అంటే ఏంటమ్మా అన్నా. గాలివానే, కానీ ఆ మాట ఎట్టా పుట్టిందో మా ఆయన్నడిగి చెబుతా అంది. ఏంటయ్యా అది?"

"తెలియదు మామ్మా. చూసి చెబుతాను."

తిరిగొచ్చి కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీశాడు. చక్రానికీ, చుట్టకీ వాడే గ్రీకు మాట నుంచి పుట్టిందట. గాలి తిరిగే తీరు పాము చుట్ట లాంటిదని, కలకత్తాలో ఒక దొర పెట్టిన పేరు. కాకినాడ దగ్గర కోరంగిని ఎప్పుడో ముంచిన ఉప్పెన గురించి కూడా ఆ దొర రాశాడని ఇంకో పుస్తకంలో దొరికింది. మన తీరమే, మన మనుషులే. వేలమంది పోయారని ఉంది. సొలొమోను పుస్తకం మీద తల పెట్టుకుని, రూతు పోయాక మొదటిసారి ఏడ్చాడు.

క్రిస్మస్ ముందు వెళ్ళి ఆదెమ్మకి అంతా చెప్పాడు.

"పాము చుట్టా," అందామె. "నిజమేనయ్యా. చుట్టుకునే తీసుకుపోయింది." అతని మొహం చూసి, "అన్నం తిన్నావా?" అంది.

మిగిలిన పిల్లలకి చదువు చెప్పేవాళ్ళు లేరు. సొలొమోను కాలేజీకి సెలవు పెట్టి ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. టార్పాలిన్ కింద పలకలు పంచుతుంటే ఒక పాప అడిగింది.

"పంతులమ్మగారు ఎప్పుడొస్తారండీ?"

సొలొమోను పాప చేతికి ఒక పలక ఇచ్చాడు.

"రాదమ్మా," అంది ఆదెమ్మ, పాపని దగ్గరికి తీసుకుని. "ఇక ఈయనే చెబుతారు."

సొలొమోను కళ్ళు తుడుచుకుని, బోర్డు మీద 'అ' రాశాడు.