నన్నెవరూ పిల్వని గది

"ఏమోయ్, ఆఫీసు సైటు పాస్‌వర్డేంటి?" అన్న కేక ముందుగదిలోంచి వచ్చేసరికి ఆమె పొయ్యి గట్టు తుడుస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తడిగుడ్డ పక్కన పెట్టాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, తువాలుకు తుడుచుకోవాలి, ఫోను వెతకాలి, బొటనవేలు ఆనించాలి, రెండొందల పన్నెండు పేర్లలోంచి ఒకటి పట్టుకోవాలి, అప్పుడు అక్షరం అక్షరం చదివి చెప్పాలి. ఈలోగా అత్తగారి గదిలోంచి "అమ్మాయ్, నా టీవీ మళ్ళీ ఏదో అడుగుతోంది" అని ఇంకో కేక, స్నానాలగదిలోంచి "అమ్మా, నా క్లాసు లాగిన్!" అని మూడోది. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు గానీ, పిలవని పూటంటూ కూడా లేదు.

బొటనవేలు ఆనించింది. రోజూ అయితే పాస్‌వర్డులన్నీ దాచే ఆ యాప్‌లో ఒక చిన్న తలుపు బొమ్మ కనిపించి, మెల్లగా తెరుచుకునేది. ఇవాళ తెరుచుకోలేదు. "కొత్త రూపానికి స్వాగతం. మీ భద్రత కోసం వేలిముద్రను తాత్కాలికంగా ఆపాం. మొదట్లో మీరు పెట్టుకున్న మూలవాక్యాన్ని టైపు చేయండి" అని రాసుంది. దాని కింద, కళ్ళజోడు లేనివాళ్ళకు కనబడనంత చిన్న అక్షరాల్లో, పదిసార్లు తప్పు కొడితే లోపల దాచినవన్నీ చెరిగిపోతాయని, అది కూడా మీ భద్రత కోసమేనని ఉంది.

అప్‌డేటు చేసింది ఆమె కాదు. నిన్న సాయంత్రం ఆమె ఫోనులో ఏదో ఫొటో వెతుకుతూ భర్త, "పదిహేడు అప్‌డేట్లు పెండింగ్ పెట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు ఎలా కూర్చున్నావు? ఫోను పాడవదూ?" అని అన్నిటినీ ఒకేసారి నొక్కేసి, మహోపకారం చేసినవాడిలా తిరిగి చేతికిచ్చాడు. ఆమె బద్ధకించి వదిలేసినవి కావవి. ఆ తలుపు బొమ్మ అప్‌డేటు అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కుతూ వచ్చిందంటే దానికో కారణముంది. ఒకసారి నమ్మి నొక్కితే మీటలన్నీ చోట్లు మారిపోయాయి. రెండోసారి నొక్కితే అత్తగారి ఆసుపత్రి లాగిన్ రెండుగా చీలి, ఏది పాతదో ఏది కొత్తదో తేలడానికి వారం పట్టింది. అప్‌డేటు అనేది చూడటానికొచ్చిన పెద్దచుట్టం లాంటిది. వంటింట్లో డబ్బాలన్నీ తన ఇష్టప్రకారం సర్దేసి, ఇప్పుడెంత బాగుందో చూడు అనేసి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఉప్పు కోసం తడుముకునేది ఇంటావిడే.

మూలవాక్యం ఆమెకు గుర్తుంది, గుర్తులేకేం. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఇంకా ఉద్యోగంలో చేరకముందు, ఇల్లంతా గంటసేపు ఖాళీ అయిన పూట పెట్టుకుంది. "మీకు తప్ప మరెవరికీ తట్టని వాక్యం రాయండి" అని అడిగింది ఆ తలుపు. అలా అడిగినవాళ్ళే లేరు అంతవరకూ. కూర ఏం చెయ్యమంటారని అడగడం తెలుసు గానీ, నీకేం తడుతోంది అని అడిగించుకోవడం ఆమెకు కొత్త. ఆలోచించకుండానే వేళ్ళు కదిలాయి. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. నన్నెవరూ పిలవని గది. అప్పట్నుంచీ వేలిముద్రతోనే గడిచిపోయింది, మళ్ళీ ఆ వాక్యాన్ని కొట్టాల్సిన పని రాలేదు.

ఆ రెండొందల పన్నెండులో రెండొందల పదకొండు వాళ్ళవి. మిగిలిన ఒక్కటీ ఆమెది. దానికి "నీళ్ళ మీటరు పాత వివరాలు" అని పేరు పెట్టింది, పొరపాటున ఎవరైనా చూసినా ఆవులించి పక్కకు జరిగేలా. అందులో మూడేళ్ళుగా రోజుకో వాక్యం. "ఇవాళ ఏడు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడ్డాను." "ఆయన నవ్వితే బాగుంటాడు, నవ్వించి నవ్వించి నాకే ఓపిక లేదు." "అత్తయ్య జ్వరంలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. తగ్గాక, పథ్యం చప్పగా ఉందన్నారు." బస్సులోనో, బట్టలు ఆరేస్తూనో, వాక్యం దానంతటదే వచ్చి వాలేది. దాన్ని పట్టుకుని ఆ తలుపు లోపల పెట్టి మూసేసేది. కళ్ళు మూసుకుంటే ఆ చోటు ఆమెకు నిజంగానే కనిపించేది. తెల్లటి గోడలు, నేల మీద ఎండ, కుర్చీ ఒకటే. పదిసార్లు తప్పితే అవి కూడా చెరిగిపోతాయి.

రెండుసార్లు కొట్టింది. రెండూ తప్పన్నది తలుపు. వాక్యం తెలుసు, దాని అక్షరాలే తెలియవు. పిలవనిలో 'ల' తర్వాత 'ఏ' ఉందా లేదా? గదిలో 'డీ' ఒక్కటేనా, పక్కన 'హెచ్' ఉందా? తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఊరంతటికీ ఒక పద్ధతంటూ ఉందా, ఎవరి చెయ్యి ఎటు పోతే అటు.

"ఏమైంది?" అంటూ భర్త వంటింట్లోకి వచ్చాడు. సంగతి విని చెయ్యి చాపాడు. "ఇలా తే. వాక్యం చెప్పు, నేను కొడతాను. నీ టైపింగ్ నాకు తెలీదా."

ఆమె ఆయన ముఖం చూసింది. పదిహేడేళ్ళ కాపురం. ఆ వాక్యం ఈ మనిషి ముఖం మీద చెప్పడమంటే ఏమిటో ఆమెకు అప్పుడే అర్థమైంది. "ఏంటీ, ఎవరూ పిలవకూడదా? మేం పిలిస్తే నీకు కష్టంగా ఉందా?" అంటాడు. ఆ తర్వాత వారం రోజులు ప్రతి పిలుపుకీ ముందు, "అమ్మగారిని పిలవొచ్చో లేదో" అని నవ్వుతాడు. కోప్పడడు, నవ్వుతాడు. అదే ఆమెకు భయం.

"మర్చిపోయానండీ," అంది.

"మర్చిపోయావా? ఇంటిల్లిపాది తాళాలూ నీ దగ్గర పెట్టుకుని మర్చిపోవడమేంటి?"

అత్తగారు గుమ్మం దగ్గరకొచ్చి నిలబడి, "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట," అని నిట్టూర్చింది. ఆవిడ మనసులో చెడేమీ లేదు. సామెత దొరికితే వదలలేని మనిషి, అంతే.

"నా పేరే పెట్టుంటావులే," అని భర్త ఫోను లాక్కుని తన పేరు కొట్టాడు. తప్పు. తన పేరు పక్కన పెళ్ళి సంవత్సరం కొట్టాడు. తప్పు. పేరు మొదటి అక్షరం పెద్దది చేసి మళ్ళీ కొట్టాడు. "విచిత్రంగా ఉందే," అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. అలా మూడు ప్రయత్నాలు ఆయన పేరు మీదే బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. ఆమె ఫోను తీసుకుని స్నానాలగదిలో కుళాయి విప్పి, ఇంకో రెండు రకాలుగా ప్రయత్నించింది. తలుపు కదల్లేదు. మూడు మిగిలాయి.

"సాయంత్రానికి ఎలాగోలా చూడు. నా సెలవు దరఖాస్తుకి ఇవాళే ఆఖరు," అన్నాడు ఆయన చెప్పులేసుకుంటూ. "మర్చిపోయారా అని మీ సైటులోనే ఉంటుంది కదండీ, అది నొక్కితే కొత్తది పెట్టుకోవచ్చు" అందామనుకుంది. అంది కూడా. "అదంతా తలనొప్పి, నీకైతే అలవాటు," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె పనిచేసేది కళ్ళాసుపత్రిలో, ముందు బల్ల దగ్గర. వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్లోకి ఎక్కించడం పని. చేరిన మొదటిరోజే పెద్ద రిసెప్షనిస్టు గట్టిగా చెప్పింది. "చూడమ్మా, 'త' అంటే టీ పక్కన హెచ్, 'ద' అంటే డీ పక్కన హెచ్. పొట్టి అక్షరమా పొడుగు అక్షరమా సరిగ్గా విని మరీ రాయాలి. లేకపోతే ఫైలు మళ్ళీ ఛస్తే దొరకదు." మూడేళ్ళుగా వేళ్ళు ఆ దారినే నడుస్తున్నాయి. ఆ పూట ఆమె కుర్చీలో కూర్చుందో లేదో డాక్టరుగారు తలుపు సందులోంచి, "మేడమ్, నా లాగిన్ మళ్ళీ పట్టట్లేదు, కాస్త చూడండి. ఇలాంటివి మీ ఆడవాళ్ళకే గుర్తుంటాయి," అన్నారు. అది పొగడ్తని ఆయన నమ్మకం. ఆమె లేచి వెళ్ళి చూసింది. ఆ పనికి జీతంలో గడి లేదు.

చుక్కల మందు వేయించుకున్నవాళ్ళు వరండాలో వరసగా కళ్ళు మూసుకుని కూర్చునే ఆసుపత్రి అది. కంటిపాప పెద్దదయ్యేదాకా ముప్పావుగంట ఎవరూ మాట్లాడరు, ఏమీ చూడరు. ఆమెకు ఆ వరండా అంటే ఇష్టం. అంతమంది మనుషులు ఒకేసారి ఎవరి లోపలికి వాళ్ళు వెళ్ళిపోవడం ఇంకెక్కడా చూడలేదు.

పదకొండు గంటలకు ఒక పెద్దావిడ వచ్చింది, ఒంటరిగా. పేరు చెప్పింది. ఆమె అలవాటు ప్రకారం, "పెద్దమ్మా, మీ పేరులో దీర్ఘం ఉందా? టీ పక్కన హెచ్ ఉంటుందా, ఉండదా?" అని అడిగింది.

పెద్దావిడ నవ్వింది. "నీ హెచ్చులూ తగ్గులూ నాకేం తెలుసమ్మా. నా నోరు ఎలా అంటే అలా రాసుకో."

ఆమె రాసుకుంది. రాస్తూ ఉండగా చెయ్యి ఆగింది. ఆ మధ్యాహ్నం తనకు ఎవరూ హెచ్చులు నేర్పలేదు కదా అనిపించింది. త పక్కనా ద పక్కనా కాపలా పెట్టాలని చెప్పినవాళ్ళు లేరు, పొట్టీ పొడుగూ చూసినవాళ్ళు లేరు. ఇవాళ పొద్దున్నుంచీ ఆ వాక్యాన్ని కొడుతున్నది ఆసుపత్రి ఉద్యోగిని. దాన్ని రాసిన మనిషి వేరే.

భోజనం వేళ డబ్బా తెరవకుండా వెళ్ళి వరండాలో ఖాళీ కుర్చీలో కూర్చుంది. అటూ ఇటూ కళ్ళు మూసుకున్నవాళ్ళే. తనూ మూసుకుంది. తెల్లగోడల గది మెల్లగా చుట్టూ వచ్చి నిలబడింది. మూడేళ్ళ కిందటి ఆ మనిషి కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని ఉంది, జుట్టు విప్పుకుని, కాస్త లావు తక్కువగా. ఆవిడ నోటినే చూస్తూ ఆమె కళ్ళు తెరిచి, హెచ్చులన్నీ తీసేసి, దీర్ఘాలన్నీ తీసేసి కొట్టింది. తప్పు. రెండు మిగిలాయి. మళ్ళీ కళ్ళు మూసుకుంది. చెప్పవే తల్లీ, నీ నోటితో చెప్పు అని బతిమాలుకుంది. పుస్తకంలో ఉన్నట్టు కాదు, వంటింట్లో విసుగ్గా గొణుక్కున్నప్పుడు ఎలా అంటావో అలా. లోపలి మనిషి పెదవులు కదిలాయి. పిలవని అనలేదు. పిల్వని అంది.

తలుపు తెరుచుకుంది.

ముక్కు ఎగబీల్చిన చప్పుడుకి పక్కనున్న పెద్దావిడ కళ్ళు మూసుకునే, "ఏమ్మా, ఏడుస్తున్నావా?" అంది. "మందు వేయించుకున్నానండీ," అని చెప్పింది ఆమె.

సాయంత్రం బస్సులో కూర్చుని మూడేళ్ళ వాక్యాలూ చదువుకుంది. అన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు. ఎంత సంతోషమేసిందంటే, వాళ్ళ మీద కూడా ప్రేమ పొంగుకొచ్చింది. పాపం పొద్దున్నుంచీ తాళాల్లేక ఎంత అవస్థ పడుతున్నారో, వెళ్ళగానే అన్నీ చదివి చెప్పేయాలి అనుకుంది. దిగాల్సిన చోటికి ఒక స్టాపు ముందే లేచి నిలబడింది.

గుమ్మంలో అడుగుపెట్టింది. చేతిసంచి ఇంకా భుజానే ఉంది, ఒక చెప్పు కాలికే ఉంది.

"వచ్చావా? సైటు పాస్‌వర్డు చెప్పు, ఇంకో గంటే ఉంది," అన్నాడు భర్త.

"అమ్మాయ్, టీవీ!" అంది అత్తగారు.

"అమ్మా, నా లాగిన్ సంగతేమైంది?" అంది కూతురు.

దొరికిందని చెప్పడానికే ఆమె నోరు తెరిచింది. ముగ్గురి ముఖాలూ చూసింది. మూడింటిలోనూ ఆమె కనబడలేదు, ఆమె ఫోనే కనబడింది. నోటిలోంచి వచ్చిన మాట విని ఆమే ఉలిక్కిపడింది.

"పోయాయి. పదోసారి కూడా తప్పింది. అన్నీ చెరిగిపోయాయి."

"ఇంత పని చేశావా!" అన్నాడు భర్త. అబద్ధం చెప్పిన పాపం ఆమె గొంతులో కాసేపు గుచ్చుకుంది, ఆ తర్వాత మంచినీళ్ళు తాగితే దిగిపోయింది. "ఎవరిది వాళ్ళు 'మర్చిపోయారా' అని నొక్కి కొత్తది పెట్టుకోండి. పెద్ద కష్టమేం కాదు, నేను రెండొందలసార్లు చేశాను," అని, రెండో చెప్పు కూడా విప్పి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

బయట సణుగుళ్ళు సాగాయి. కూతురు తన పని ఐదు నిమిషాల్లో ముగించుకుని నానమ్మ టీవీ పట్టింది. భర్త మీటలు గట్టిగా నొక్కుతున్న చప్పుడు. కాసేపటికి ఆయన గొంతు. "ఇదేంటి, ఏదో రహస్య ప్రశ్న అడుగుతోంది. మీ భార్యకు ఇష్టమైన రంగు ఏది, అట."

ఎనిమిదేళ్ళ కిందట ఆ ఖాతా తెరిచిపెట్టింది ఆమే, జాబితాలోంచి ఆ ప్రశ్న ఎంచిందీ ఆమే. ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడు మంచం అంచున కూర్చుని వింది.

"నీలం అయ్యుంటుంది. దాని బట్టలన్నీ నీలమే కదా," అన్నాడు ఆయన.

"అవన్నీ నువ్వు కొనిచ్చినవి నాన్నా," అంది కూతురు.

"పచ్చ అనుకుంటానురా," అంది అత్తగారు, అంత నమ్మకం లేకుండా. "కొత్తలో ఒక పచ్చ దుప్పటి తెచ్చుకుంది. ఎంత మురిసిపోయేదో. అదేమైందో మరి."

"అమ్మకి మబ్బు రంగు ఇష్టమేమో. వాన వచ్చే ముందు కిటికీ దగ్గర నించుంటుంది, చూశారా?"

"ఎప్పుడు?" అన్నాడు ఆయన. "లోపలికెళ్ళి అడగనా?" అంది కూతురు. "ఉండు, ఆలోచించనీ," అన్నాడు.

ఆమె ఫోను తీసి, ఇవాళ్టి తారీఖు వేసి, రాసుకుంది.

"ఇవాళ మా ఇంట్లో అందరూ కూర్చుని నా గురించి మాట్లాడుకుంటున్నారు."