అడిగే మనిషి

"ఊరి ఆడోళ్ల కాపురాలు అడిగేది గూడా ఒక ఉద్యోగమేనా?"

పొద్దున పద్మావతి టిఫిన్ డబ్బా సర్దుతుంటే మొగుడు శ్రీనివాసులు అన్న మాట అది. "ఈ రోజుతో సరి. సాయంత్రం నువ్వు ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి కనుక్కుని నేనే వచ్చి తీసుకుపోతా." ఆమె మూత బిగించింది. జవాబు చెబితే ఏమవుతుందో ఆమె మోచేతికి తెలుసు. ఇంత ఎండలో పొడుగు చేతుల జాకెట్టు ఎందుకని ఆఫీసులో ఎవరూ అడగలేదు. ఇళ్లలో ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడే దెబ్బల్ని ఎలా ఆపాలో పరిశోధించే ఆఫీసు అది.

మాదాపూర్‌లో కొత్త అద్దాల మేడ వెనక, బండలు పేల్చినప్పుడల్లా రేకులు అదిరే గది నీలమ్మది; సాయంత్రం పద్మావతి ఆఖరున వెళ్లింది అక్కడికే. మూల ఆమె కూతురు బుజ్జి నిద్రపోతోంది. వేరే ఎవరూ లేనప్పుడే అడగాలి. మగవాడు గడపలోకొస్తే వెంటనే పిల్లల టీకాల మాటలోకి మారాలి. ట్రైనింగులో మొదటి పాఠం. ఆ సంగతి నీలమ్మకి ముందే చెప్పి పద్మావతి ప్రశ్నలకు కూర్చుంది.

"మా ఆయన తాగొస్తె కొడ్తడు. బుజ్జి అడ్డమొస్తె దాన్ని గూడ."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవలకు? మా అత్తకా? నవ్వుతది."

బయట స్కూటర్ ఆగింది. ఆ చప్పుడు పద్మావతి రోజూ వినేదే.

"పాపకి పోలియో చుక్కలు వేయించారా?" అంది గబగబా.

నీలమ్మ గడప వైపు చూసింది. వచ్చింది తన మొగుడు కాదు. తిరిగి పద్మావతిని చూసింది.

"ఏపిచ్చినమ్మా," అంది మెల్లగా.

"ఇంకా కాలేదా? లెయ్," అన్నాడు శ్రీనివాసులు.

నీలమ్మని కాపాడటానికి పెట్టిన నియమం వెనక తను దాక్కుంది. ఎన్ని గడపలెక్కి ఎందరి కన్నీళ్లు రాసుకున్నా ఏ ఆడదానికీ తన గుట్టు దొరకలేదు. ఇవాళ దొరికింది. సిగ్గు తనకెందుకు వేయాలి? గడపలో చెప్పులతో నిలబడి గదమాయించేవాడికి ఎందుకు వేయదు?

"మీరు వెళ్లండి. నాకు పనుంది."

"పనా? ఇంటికి రా, చెప్తా నీ పని." స్కూటర్ వెళ్లిపోయింది.

"నిన్ను గూడ కొడ్తడా?"

"కొడతాడు." ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

"మరి గిప్పుడు ఇంటికి పోతవా?"

పద్మావతి లేచింది. బ్యాగు బిగించి పట్టుకుంది.

"పోను. మూసాపేటలో మా అక్క ఉంది. బస్సు ఎక్కడ ఆగుతుంది?"

నీలమ్మ బుజ్జిని లేపి భుజాన వేసుకుంది. "నడువ్, సూపిస్త. నేను గూడ ఎక్కుత."