మార్చి నెలలో ఏం మారింది

ఎల్మర్ డైక్‌స్ట్రా నలభై ఒకటో నంబరు పావురాన్ని రెక్కలు విప్పనివ్వకుండా ఒడిసిపట్టి, తలకిందులుగా త్రాసు మీది డబ్బాలోకి దించాడు. నాలుగువందల రెండు గ్రాములు. కడుపునిండా తింటే అయిదువందలు తూగే పిట్ట. ఆకలి లేని పిట్ట ప్రయోగపు పెట్టెలో పని చేయదు కనుక, అన్నిటి బరువూ ఆ మాత్రం దించే ఉంచాలి. బరువు పుస్తకంలో రాసి, మళ్లీ గూట్లో పెట్టబోతుంటే అది బొటనవేలు కొరికింది. ఆ వేలి మీద పందొమ్మిదేళ్ల మచ్చలున్నాయి.

మిషిగన్‌లో ఒక విశ్వవిద్యాలయపు నేలమాళిగ అతనిది. పైన ప్రొఫెసర్లు ప్రవర్తన శాస్త్రం చెబుతారు. కింద ఎల్మర్ పావురాలకు గింజలు, ఎలుకలకు నీళ్లు పెడతాడు. బూడిదరంగు కోటుకు గింజల దుమ్ము వాసన. చర్చిలో పక్కన కూర్చోవాలంటే పెళ్లాం ముక్కు మూసుకునేది. గడియారమైనా తప్పుతుందేమో గానీ ఎల్మర్ తప్పడని అక్కడ సామెత. తొమ్మిది ఇరవై అయిదుకు అతని నీళ్ల బండి వసారా దాటిందంటే, చేతి గడియారాలు సరిచేసుకునేవారు.

ఆ జూన్ శుక్రవారం కొరిన్‌కు ఆఖరిరోజు. రెండేళ్లుగా నాలుగు పిట్టలతో ఒకే ప్రయోగం చేస్తున్న పరిశోధక విద్యార్థిని. తొమ్మిదికి నాలుగిటినీ నాలుగు పెట్టెల్లో పెడితే, అరగంట దాకా ఎన్నిసార్లు మీట పొడిచినా గింజ రాలదు. ఆ తర్వాత పొడిస్తేనే రాలుతుంది. ఆమె పిట్టలు అరగంట కావస్తుండగా, గడియారం కట్టుకున్నట్టు, అప్పుడే పొడవడం మొదలుపెట్టేవి. పిట్టకు కాలం తెలుస్తుందని ఆమె వాదం. ప్రొఫెసరు మురిసిపోయాడు. మార్చిలో ఒక సోమవారం నుంచి నాలుగూ ఎప్పుడు పడితే అప్పుడు పొడవసాగాయి. వాదం కుప్పకూలింది.

ఆ సోమవారం పొద్దున్నే ఎల్మర్ తన నీళ్ల బండి చక్రానికి నూనె పోశాడు. అప్పటిదాకా కీచుమంటూ నేల అదరగొట్టిన చక్రం. గదిలో ఏం మారినా, దీపం మార్చినా సరే, పుస్తకంలో రాయాలన్నది నియమం. బండికి నూనె పోయడం కూడా ఎవరైనా రాస్తారా? రాయలేదు. ఏమైనా మారిందా అని ఏప్రిల్‌లో కొరిన్ అడిగితే, నిజంగానే ఏమీ గుర్తురాక, లేదన్నాడు. మేలో ఒకరోజు, నిశ్శబ్దంగా దొర్లుతున్న బండిని తోస్తూ తోస్తూ నడివసారాలో ఆగిపోయాడు. పిట్టలు కాలాన్ని లెక్కపెట్టలేదు. రోజూ తొమ్మిది ఇరవై అయిదుకు తన చక్రాన్ని విన్నాయి.

ఆ వారమే ఆమె మళ్లీ అడిగింది. తేలు కుట్టిన దొంగలా, "ఏమీ మారలేదమ్మా," అన్నాడు. అన్నాక గుండె దడ తగ్గింది. బాధను తగ్గించిన పనినే జీవి మళ్లీ చేస్తుందని పైన పాఠం చెబుతుంటే, తలుపు దగ్గర చీపురు పట్టుకుని ఎన్నిసార్లో విన్నాడు. తర్వాత ఆమె అడిగిన ప్రతిసారీ ఆ అబద్ధం ఇంకాస్త సులువుగా వచ్చింది. పందొమ్మిదేళ్ల పేరు పోతుందన్న భయం తప్ప అందులో ఇంకేమీ లేదు. నిజం చెబితే ఆమె వాదం నిలవకపోయినా చదువు నిలిచేదని అతనికి తెలుసు. పిట్ట దేన్ని వింటోందో కనిపెట్టడం కూడా ఆ శాస్త్రమే కదా.

మధ్యాహ్నం కొరిన్ గూళ్ల దగ్గరికి వచ్చింది.

"ఎల్మర్ గారూ, నా పిట్టల్ని ఎవరికిస్తున్నారు?"

"ఎవరో కొత్తాయనట. నలభై ఒకటి ఆయన వేలు కొరక్కుండా ఉంటుందా? దాని బుద్ధి నాకు తెలీదూ!"

ఆమె నవ్వి, గూట్లో వేలుపెట్టి పిట్ట మెడ నిమిరింది. "దాన్నేం అనకండి. తప్పు ఎప్పుడూ పిట్టది కాదని మనవాళ్లే అంటారుగా. మనం చూడనిదేదో ఉంటుంది. వెతికాను, దొరకలేదు. ఈ చదువు నాకు రాదు, అంతే."

"అలా అనకండమ్మా."

"అనకపోతే ఏమంటాను? మస్కీగన్‌లో బడి ఉద్యోగం దొరికింది. పిల్లలకి లెక్కలు చెప్పుకుంటాను."

ఎల్మర్ బరువుల పుస్తకం మూశాడు. "కొరిన్ అమ్మా, ఆ మార్చిలో..."

"ఆఁ, మార్చిలో?" ఆమె చటుక్కున తల తిప్పింది.

"మార్చిలో ఈసారి చలి ఎక్కువ. పిట్టలకి పడలేదేమో."

"చలి కూడా చూశానండీ," అంది నెమ్మదిగా. ఇంతకాలం పిట్టల్ని చక్కగా చూసుకున్నందుకు రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఆ చేతిని వెనక్కి లాక్కోవాలనిపించేంత సిగ్గేసింది అతనికి.

నాలుగింటికి ఆమె కారు వెళ్లిపోయిన చప్పుడు పై కిటికీలోంచి వినిపించింది. పరుగెత్తితే మలుపు దగ్గర అందేది. పరుగెత్తలేదు. చీపురు తీసుకుని ఆమె గది ఊడవడానికి వెళ్లాడు.

బల్ల ఖాళీగా ఉంది. గోడకు మాత్రం ఒక పసుపు కాగితం మిగిలిపోయింది. 'మార్చిలో ఏం మారింది?' అని పైన రాసి, కింద వరుసగా గింజలు, నీళ్లు, దీపాలు, ఫ్యాను, చలి. ఒక్కొక్కటీ మళ్లీ పరీక్షించి కొట్టేసిన తేదీలు. ఆ పసుపు కాగితం అడుగున ఒకే ఒక్క వరుసకు తేదీ లేదు: 'ఏమీ మారలేదని ఎల్మర్ గారు చెప్పారు. ఇది పరీక్షించనక్కర్లేదు.'