కాలువ నీళ్లలో లేనిది

రంగుల మిల్లు వెనక వీధిలో పిల్లలకు దద్దుర్లు లేస్తున్నాయని తెలిసి, ఆ సంగతి తేల్చడానికి విశ్వవిద్యాలయం వాళ్లు ఒక బృందాన్ని వేశారు. నీళ్లు పరీక్షించడానికి ఒక కెమిస్టు, పిల్లల్ని చూడడానికి ఒక చర్మవైద్యుడు, ఇంటింటికీ తిరిగి మనుషులతో మాట్లాడడానికి సామాజికశాస్త్రం చదివిన ఒకావిడ. వీళ్లకు పెద్దదిక్కుగా, రిటైరుమెంటుకు దగ్గరపడ్డ ఒక ప్రొఫెసరు. అన్ని చదువులూ ఒకచోట కలిస్తే తప్ప పర్యావరణం సంగతి తేలదని ఆయన ప్రతి సమావేశంలోనూ అనేవాడు. అందరూ తలలూపేవారు. ఊపి, ఎవరి గదికి వాళ్లు పోయి తలుపేసుకునేవారు.

వీధివాళ్లు కెమిస్టును సీసాల మేడం అనేవారు. ఎప్పుడూ జనంతో కబుర్లాడుతూ కనబడే రెండో ఆవిడ ముచ్చట్ల మేడం.

సీసాల మేడం పని దగ్గర నిప్పులాంటి మనిషి. మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని, మిల్లు నీళ్లు పడే కాలువలోకి దిగేది. మిల్లు గొట్టం దగ్గర, వంతెన కింద, వీధి మలుపులో నీళ్లు పట్టి, ఐసు పెట్టెలో సర్దుకుని ప్రయోగశాలకు తెచ్చేది. కాలువ చూడబోతే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నీలమే. పరీక్షలో మాత్రం దద్దుర్లు తెప్పించేంత రంగుమందు కనబడడం లేదు. నెల తిరిగింది, ఇంకో నెల తిరిగింది. అదే తంతు.

మొదట యంత్రాన్ని అనుమానించి విప్పించి శుభ్రం చేయించింది. తర్వాత వీధివాళ్లను అనుమానించింది, గోరంతను కొండంత చేస్తున్నారేమోనని. వీధి మూల ఇంట్లో ఉండే ఆవిడ తన కూతురి చొక్కా ఎత్తి వీపు చూపించాక ఆ అనుమానం వదులుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. తను నీళ్లు పట్టే రోజు మిల్లుకు ముందే తెలుస్తోంది. ఆ రోజుకు వాళ్లు గొట్టంలో ఏదో సర్దేస్తున్నారు. అంటే, బృందంలోనే ఎవరో ఉప్పందిస్తున్నారు.

ఎవరా అని వెతుక్కునే పని లేకపోయింది. ఒకరోజు పొద్దున వంతెన మీద కారు ఆపి దిగుతుంటే మిల్లు గేటులోంచి ముచ్చట్ల మేడం బయటికి రావడం కనబడింది. భుజాన ఉబ్బిన సంచి. పక్కనే మిల్లు మేనేజరు. ఆయనేదో అంటే ఈవిడ నవ్వుతోంది. తనను చూడగానే ఆ నవ్వు టక్కున ఆగింది.

"ఇటు వచ్చారేంటి?" అని అడిగింది సీసాల మేడం.

"ఊరికే. చిన్న పనుండి."

"సంచిలో ఏంటి?"

"ఏం లేదు మేడం, పాత గుడ్డలు," అని సంచిని అవతలి భుజానికి మార్చుకుని గబగబా వెళ్లిపోయింది.

కొత్త గుడ్డలకు రంగులేసే మిల్లులోంచి పాత గుడ్డలట. ఆ రోజంతా ఆ మాట సీసాల మేడం చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. అప్పటినుంచీ ప్రతిదీ కొత్తగా కనబడసాగింది. తను గదిలోకి వస్తే ముచ్చట్ల మేడం కంప్యూటరు మూసేస్తోంది. ఫోన్ మాట్లాడుతూ వరండాలోకి పోతోంది. వీధిలో ఏం తెలిసిందని అడిగితే, ఇంకా చూస్తున్నానంటూ నీళ్లు నములుతోంది.

ఇంటికెళ్లి అమ్మతో చెప్పుకుంది. అమ్మ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"చిన్నప్పుడూ అంతే నువ్వు," అంది అమ్మ. "పెన్సిలు కనబడకపోతే చెల్లి తీసిందని దాని సంచి బోర్లించావు. పెన్సిలు నీ చెవి మీదే ఉంది."

"ఇది పెన్సిలు సంగతి కాదమ్మా."

"నేనూ పెన్సిలు సంగతి చెప్పడం లేదు."

తర్వాతి సమావేశంలో, నీళ్లు పట్టేది శుక్రవారమని అందరి ముందూ గట్టిగా చెప్పి, బుధవారమే ఎవరికీ చెప్పకుండా కాలువలోకి దిగింది. గొట్టంలోంచి ఎప్పటిలాగే నీలం నీళ్లు పడుతున్నాయి. పరీక్షలో ఎప్పటిలాగే చెప్పుకోదగ్గదేమీ రాలేదు. అక్కడితో ఆ అనుమానం తీరిపోవాలి. కానీ అనుమానపడదామని కూర్చున్న మనిషికి కారణాలకు కొదవా? నా ఎత్తు ముందే పసిగట్టి ఉంటుంది, గట్టి పిండమే అనుకుంది.

నేరుగా ప్రొఫెసరు గదికి వెళ్లింది.

"పెద్ద మాట అంటున్నావమ్మా," అన్నాడాయన. "ఆధారం ఉందా?"

"నా కళ్లతో చూశాను సార్. మేనేజరుతో నవ్వుతూ మాట్లాడుతోంది. భుజాన సంచి. ఏంటని అడిగితే దాటేసింది."

ప్రొఫెసరు మంచివాడే గానీ ఏ మాటా కడుపులో దాచుకోలేడు. ఆ మధ్యాహ్నమే మేనేజరుకు ఫోన్ చేసి, మా బృందంలో మనిషి మీ దగ్గర్నుంచి ఏం పట్టుకెళ్లిందండీ అని సూటిగా అడిగేశాడు.

ఆ ఫోన్ సంగతి మేనేజరు నోటినుంచే విన్న ముచ్చట్ల మేడం మర్నాడు సమావేశానికి అందరికంటే ఆలస్యంగా వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. సంచి విప్పి బల్ల మీద బోర్లించింది. ఎరుపు, పసుపు, ముదురు నీలం... చిన్నాపెద్దా గుడ్డపేలికలు బల్లంతా పరుచుకున్నాయి.

"ఇదీ నేను తిన్న లంచం," అంది, గొంతు పెంచకుండానే. "మిల్లులో కత్తిరించగా మిగిలిన ముక్కలు. ఆ వీధి ఆడవాళ్లు తెచ్చుకుని దిండ్లలో కూరి అమ్ముకుంటారు. ఏ ఇంట్లో చూసినా గుట్టలే. పిల్లలు వాటిమీదే దొర్లుతారు, వాటిమీదే నిద్రపోతారు. కాలువలోకి ఏ తల్లీ పిల్లల్ని దిగనివ్వదు. ఆ మాట నేను వెళ్లిన మొదటి వారంలోనే చెప్పారు నాకు."

"అదన్నమాట వీపుల సంగతి," అన్నాడు చర్మవైద్యుడు. "మొదటి సమావేశంలోనే అన్నాను. కాలువ నీళ్ల వల్లయితే ముందు కాళ్లకు రావాలి. వీళ్లకు వీపు, మెడ. ఎందుకో అర్థం కాలేదని కూడా అన్నాను."

ఆయన అన్నట్టు సీసాల మేడానికి లీలగా గుర్తుంది. ఆ సమయంలో తను చూపించబోయే పటాలు సరిచూసుకుంటోంది.

"తెలిసి మరి ఎందుకు చెప్పలేదు?" అంది ముచ్చట్ల మేడంతో.

"చెబితే మీరు వెంటనే రిపోర్టు రాసేస్తారు. అది చూసి మిల్లు ముక్కలివ్వడం మానేస్తుంది. ఆ వీధిలో సగం పొయ్యిలు వాటిమీదే వెలుగుతున్నాయి. ముందు నాకు ఖాయం కావాలనుకున్నా. అందుకే మేనేజర్ని మంచి చేసుకుని ముక్కలు తెచ్చుకున్నా. బయట ఎవరిచేతైనా పరీక్ష చేయిద్దామని చూస్తున్నా."

"నేను లేనా?"

"మీమీద నాకు నమ్మకం లేదు మేడం."

ముచ్చట్ల మేడం ప్రొఫెసరు వైపు తిరిగింది. "మీరు ఫోన్ చేసిన సాయంత్రమే మేనేజరు భయపడి ముక్కలు ఆపేశాడు సార్. పొద్దున వెళ్తే మూలింటావిడ నాకు తలుపు తీయలేదు. కిటికీలోంచి చూసి లోపలికెళ్లిపోయింది."

ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

సీసాల మేడం లేచి పేలికలను రంగువారీగా ఏరసాగింది. "తప్పు నాదే," అంది తలెత్తకుండా. "ఏ ముక్క ఏ ఇంట్లో ఎక్కువో చెప్పగలరా?"

"చెబుతాను. కానీ పరీక్ష చేస్తుంటే నేను పక్కనే ఉంటాను."

"ఉండండి."

అలా ఉండడం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండింది. మొదట ముక్కల్ని మామూలు నీళ్లలో నానబెడితే ఏమీ దిగలేదు. సీసాల మేడం చేతులు కడుక్కోబోతుంటే వెనకనుంచి, "పిల్లలు నీళ్లలో పడుకోరు మేడం. ఆ రేకుల ఇళ్లలో చెమటలో పడుకుంటారు," అని వినబడింది. చెమటలో ఉప్పెంత, పులుపెంత ఉంటుందో వైద్యుణ్ణి అడిగి అలాంటి ద్రవం కలిపింది. అందులో వేస్తే రంగులన్నీ ఎంతోకొంత దిగాయి, ముదురు నీలం ముక్కలయితే సిరాబుడ్డి ఒలికినట్టు వదిలాయి. కాలువ నీళ్లలో లేనిదంతా వాటిలో ఉంది.

ఆ తర్వాత కూడా ఒకరినొకరు నమ్మారని కాదు. ఇది ఎలా తెలుసని ఒకరు, అది ఎందుకలా అని ఇంకొకరు గుచ్చి గుచ్చి అడిగేవారు. వైద్యుడు ఇద్దర్నీ అడిగేవాడు. అడిగినదానికల్లా జవాబు వెతుక్కోవలసి రావడంతో పని గట్టిపడింది. వేడినీళ్లలో ఉతికి చూడమన్నది ముచ్చట్ల మేడమే. ఉతికాక చాలా రంగులు మళ్లీ దిగలేదు. ముదురు నీలం మాత్రం ఎన్నిసార్లు ఉతికినా దిగుతూనే ఉంది.

రిపోర్టు రాయకముందే మేనేజర్నీ ఆ వీధి ఆడవాళ్లనూ ప్రొఫెసరు గదిలో కూర్చోబెట్టారు. మేనేజరు మొదట ముక్కలు తమ బాధ్యత కాదన్నాడు. మిల్లులో ఉతికే యంత్రాలున్నాయి కదా అని ఆడవాళ్లలో ఒకావిడ అంటే ఖర్చు లెక్కలు చెప్పుకొచ్చాడు. చివరికి ఉతికి ఇస్తామని, ముదురు నీలం అసలు బయటికి పంపబోమని ఒప్పుకున్నాడు. దాంతో ఆ వీధికి వచ్చే ముక్కలు బాగా తగ్గాయి. కొందరు సంతోషించారు, కొందరు తిట్టుకున్నారు. మిల్లు గొట్టంలోంచి నీలం నీళ్లు ఇంకా కాలువలో పడుతూనే ఉన్నాయి. దాని సంగతి తేల్చడం మిగిలే ఉందని నలుగురూ కలిసి రిపోర్టులో రాశారు.

కొన్నాళ్లకు సీసాల మేడం ఒక్కతే మూలింటికి వెళ్లింది. ఆ ఇంటావిడ తలుపు సగమే తీసింది.

"మళ్లీ దేనికొచ్చారు?"

"పాపకెలా ఉందో చూద్దామని."

"చూసి రాసుకుంటారా?"

"డాక్టరుగారికి చెబుతాను. మీరు వద్దంటే చెప్పను."

ఆవిడ కాసేపు ఎగాదిగా చూసి పక్కకు తప్పుకుంది. పాప వీపు మీద దద్దుర్లు అణిగి, చర్మం మామూలు రంగుకు తిరుగుతోంది. ఇంట్లో ముక్కల గుట్ట మునుపటిలో సగం కూడా లేదు. ఆవిడ దాని పక్కనే కూర్చుని దిండు కుట్టుకోసాగింది. కూర్చోమనలేదు. చాలాసేపటికి పీటను కాలితో ఇటు తోసింది.

సీసాల మేడం కూర్చుంది. ఇన్నాళ్లూ ఈ గడప ముందునుంచి నడిచి కాలువలోకి దిగిందే తప్ప లోపలికి రాలేదు.

"ఈ పని ఎలా మొదలైందో, రోజూ ఎలా చేస్తారో నాకు మొదటినుంచీ చెబుతారా అక్కా?" అంది.

"మొదటినుంచంటే చాలాసేపు పడుతుంది."

"పట్టనివ్వండి."

ఆవిడ సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది. ఇంకా నమ్మకం కుదరని ముఖంతోనే చెప్పడం మొదలుపెట్టింది.