ముప్పై నాలుగు చిప్పులు

ఆ పాల కర్మాగారంలో ఆమెను చిప్పమ్మ అనేవాళ్లు. బొటనవేలి గోరంత చిప్పు పట్టుకుని మొదటిసారి లోపల అడుగుపెట్టిన రోజున ప్యాకింగ్ విభాగంలో ఎవరో, "ఇన్నేళ్లు చదివితే ఆఖరికి చేతికి చిప్పొచ్చిందన్నమాట!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పేరు మాత్రం అతుక్కుపోయింది.

ఆ చిప్పు కోసం ఆమె యూనివర్సిటీ ల్యాబులో ఐదేళ్లు తలకిందులైంది. సిలికాన్ పలక మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు రంధ్రాలు లక్షల్లో ఉంటాయి. వెలుగు పడితే వాటి నుంచి ఒక ప్రత్యేకమైన రంగు తిరిగొస్తుంది. ఒకే ఒక్క జాతి బ్యాక్టీరియాను పట్టుకునే యాంటీబాడీలను ఆ పలకకు అంటిస్తారు. ఆ బ్యాక్టీరియా వచ్చి చిక్కుకుందంటే తిరిగొచ్చే రంగు రవ్వంత మారుతుంది. మన కంటికి ఆనదు. ఒకేసారి నాలుగు చిప్పులు పట్టే, టిఫిన్ డబ్బా అంత పెట్టెలో పెడితే, అరగంటలో కంప్యూటర్ తెర మీద గీత పక్కకు జరుగుతుంది. పాత పద్ధతిలో బ్యాక్టీరియాను పెంచి చూడాలంటే నాలుగు రోజులు పట్టే పని అది.

కిందటేడు ఇక్కడే, నలుగురి ముందూ, ఆమె పరువు పోయింది. మంచి పాలకే గీత జరిగింది. చిప్పుకు మీగడ అంటుకుందని ఇంటికెళ్లాక గానీ తెలియలేదు. ఎనిమిది నెలలు కూర్చుని ప్రతి చిప్పు మీదా యాంటీబాడీలు లేని రెండో గడి ఒకటి చేర్చింది. రెండు గీతలూ జరిగితే మీగడ. ఒక్కటే జరిగితే అసలు దొంగ.

ఈసారి ఎవరూ పిలవకుండానే వచ్చింది. ప్రసూతి ఆసుపత్రిలో ఇద్దరు గర్భిణులకు జ్వరం వచ్చింది, రక్తంలో లిస్టీరియా బయటపడింది. వాళ్లు తాగిన పాలు ఇక్కడివే. ప్యాకెట్లలో ఆ బ్యాక్టీరియా కనిపించడం రెండు నెలల్లో ఇది మూడోసారి. పాలు కాచినప్పుడు అది చచ్చిపోతుంది. అంటే కాచిన తర్వాతే ఎక్కడో చేరుతోంది.

"లైనంతా మందునీళ్లతో కడిగించానమ్మా. రేపు పొద్దున మొదలుపెడతాం," అన్నాడు మేనేజరు.

"పోయిన రెండుసార్లూ కడిగించారు కదా సార్. అది పోలేదు, దాక్కుంది. ఎక్కడుందో పట్టుకోకుండా మొదలుపెడితే ఇంకో తల్లి మంచాన పడుతుంది."

"మీ చిప్పు సంగతి కిందటేడు చూశాంగా."

"చూశారు. తప్పు నాదే. సరిదిద్దుకునే వచ్చాను. నా మాట నమ్మకండి. తీసిన ప్రతి నమూనాలో సగం మీ ల్యాబుకే ఇస్తాను, నాలుగు రోజులయ్యాక సరిచూసుకోండి. ఈ ఒక్క రోజూ నాకివ్వండి, చాలు."

మేనేజరు గడియారం చూశాడు. "సాయంత్రం ఆరు దాకా. ఆ పైన ఒక్క నిమిషం ఉండదు."

ఆమె దగ్గరున్నవి ముప్పై నాలుగు చిప్పులు.

లైను చూపించడానికి వచ్చిన ఫిట్టరు ఆమె బాబాయే. తండ్రి పోయాక పదేళ్ల వయసు నుంచీ ఆమెను పెంచింది ఆయనే. ఇరవై రెండేళ్లుగా ఇక్కడి ప్రతి పైపూ, ప్రతి వాల్వూ ఆయన చేతి మీదుగా బిగించినవే. నడవాలో ఆమె ఆగిపోయింది.

"బాబాయ్, తిరిగి తిరిగి ఇది నీ మీదికే రావచ్చు."

"వస్తే వస్తుంది. నా మొహం చూసి ఎక్కడైనా వదిలేశావో, ఇంట్లో అడుగుపెట్టనివ్వను. పద."

కాచే యంత్రం దగ్గర మొదలుపెట్టారు. ఆమె దూదిపుల్లతో తుడవడం, ద్రవంలో ముంచడం, చిప్పు మీద చుక్క వేయడం, పెట్టెలో పెట్టి ఎదురుచూడడం. చల్లబరిచే పలకల దగ్గర గీత కదల్లేదు. నిల్వ ట్యాంకు దగ్గరా కదల్లేదు. తొందరలో రెండు చిప్పులు ఆమె చేతుల్లోనే విరిగాయి. మధ్యాహ్నానికి ఇరవై ఖర్చయ్యాయి. ప్యాకెట్లు నింపే యంత్రం దగ్గర గీత జరిగింది. ఆమె తెర మీదికి వంగింది. చూస్తే రెండూ జరిగాయి.

"మళ్లీ మీగడేనా?" వెనక నుంచి మేనేజరు.

"మీగడే," అంది ఆమె దాచకుండా. మీగడ పొర మెల్లగా తీసేసి, దాని కింద మళ్లీ తుడిచింది. అరగంట తర్వాత ఈసారి ఒక్క గీతే జరిగింది. మేనేజరు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి ఒక్కో జాయింటూ పట్టుకుని వెనక్కి నడిచారు. మొదటి వాల్వులో ఉంది. రెండో దాంట్లో ఉంది. మూడో దాని వెనకనున్న పైపులో లేదు. మూడో వాల్వు పైపైన తుడిస్తే ఏమీ దొరకలేదు. చేతిలో ఐదు చిప్పులే మిగిలాయి.

"దీని ముందు లేదు, తర్వాత ఉంది. దీన్ని విప్పాలి బాబాయ్."

ఆయన స్పానరు గాల్లోనే ఆగింది. "దాన్ని విప్పక్కర్లేదే, అది నేను..." అని మాట మింగేశాడు. స్పానరు మొనతో వాల్వు లోపలి చోటు చూపించాడు. "పోయిన వేసవిలో ఇందులో రబ్బరు రింగు అరిగింది. స్టోర్లో కొత్తది లేదన్నారు. పాతదాన్నే తిరగేసి బిగించా. ఎవరికీ చెప్పలేదు."

ఆయనే వంగి విప్పాడు. రింగు లోపలి అంచున సన్నటి పగులుంది. ఆమె దూదిపుల్ల అందులో తిప్పింది. ఆ అరగంటసేపూ ఆయన కూర్చోలేదు. తెర మీద ఒక్క గీతే, పొద్దుటి నుంచి ఒక్కసారీ జరగనంత దూరం జరిగింది.

ఆమె రిపోర్టు కాగితం మీద మూడో వాల్వు, రబ్బరు రింగు అని రాసి కలం ఎత్తింది.

"రాసెయ్," అన్నాడాయన.

"ఏమని?"

"ఉన్నది ఉన్నట్టు. ఎవరు బిగించారో కూడా."

రాసింది. అక్షరం తగ్గించలేదు. మేనేజరు కాగితం రెండుసార్లు చదివి, మర్నాడు లైను మొదలుపెట్టే ఆలోచన మానుకున్నాడు. రింగులన్నీ మార్చేదాకా ప్రసూతి ఆసుపత్రికి వేరేచోటి నుంచి పాలు వెళ్లాయి. మార్చేటప్పుడు పగిలినవి మరో మూడు బయటపడ్డాయి.

నాలుగు రోజుల తర్వాత ల్యాబు ఫలితాలొచ్చాయి. చిప్పు ఉందన్న ప్రతిచోటా లిస్టీరియా పెరిగింది. లేదన్న చోట్లలో ఒక్కదాంట్లో మాత్రం కొద్దిగా పెరిగింది. ఆమె దాన్ని కూడా రిపోర్టులో రాసింది. ఆసుపత్రిలో ఒకామెకు జ్వరం తగ్గింది, కడుపులో బిడ్డ కదలికలు బాగున్నాయన్నారు. ఇంకొకామెకు నెల ముందే కాన్పయింది. బిడ్డను పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచి, తల్లి చేతికిచ్చారు.

బాబాయిని లైను మీద నుంచి తీసేసి వర్క్‌షాపులో వేశారు. వారం రోజులు ఇంట్లో ఆయన నోట మాట లేదు. పిన్ని, "నీతో చెబుతాడేమో అడగవే," అంటే, "ఆయనకు చెప్పాలనిపించినప్పుడు చెబుతాడులే పిన్నీ," అంది ఆమె.

ఆదివారం పొద్దున ఆమె భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని, చిప్పుకు దొరక్కుండా పోయిన ఆ ఒక్క నమూనా గురించి బుర్ర బద్దలుకొట్టుకుంటోంది. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అది ఏ జాయింటు?"

చూపించింది.

"నీ దూదిపుల్ల అంత సన్నటి సందులోకి పోదే. లావెక్కువ. పైపైన తుడిచొచ్చి ఉంటావు. అంటుకున్న కాసిన్ని ల్యాబులో పెరిగాయి గానీ, నీ చిప్పుకు చాలి ఉండవు." లేచి తన సామాన్ల పెట్టెలోంచి సన్నటి స్టీలు తీగ ఒకటి తెచ్చి, మొన వంచి చూపించాడు. "దీనికి దూది చుడితే?"

ఆమె కాగితాలు పక్కకు నెట్టి చెయ్యి చాపింది. "ఇంకొంచెం వంచు బాబాయ్. కొలిచి చూద్దాం."